నోటిమాట చెల్లదు

రంగుల ఫ్యాక్టరీ క్యాంటీన్. మధ్యాహ్నం రెండున్నర. మూల బల్ల దగ్గర సూపర్‌వైజరు, రంగులు కలిపే అతని బావమరిది.

"...అందుకే చెబుతున్నా, ఒక్క ముక్క. 'మర్చిపోయాను సార్' అనెయ్. అక్కడితో అయిపోతుంది."

"నేను మర్చిపోలేదు సార్."

"సారేంట్రా? ఇద్దరమే ఉన్నాం, బావా అను."

"గేటు లోపల సార్ అనమన్నారు. గేటు బయట బావా. క్యాంటీన్ గేటు లోపలే ఉంది."

"ఇవాళ్టికి బావా అను. నేనే చెబుతున్నాగా."

"సరే బావా. ఎన్నింటిదాకా?"

"ఎన్నింటిదాకా ఏంటి నా తలకాయ! మూడింటిదాకా. మూడింటికేగా మేనేజరు విచారణకి పిలిచింది. టీ తాగు."

"తాగేశాను."

"ఇంకోటి తాగు. చూడూ, జరిగిందేదో జరిగిపోయింది. ఆస్పత్రివాళ్ళు అడిగింది తెలుపు. అందులో పిసరంత నీలం. మనం పంపిన నలభై డ్రమ్ములూ..."

"ముదురు నీలం."

"ముదురు నీలమే, కాదన్నానా? రెండు వార్డులకి వేసేదాకా వాళ్ళకీ కళ్ళు కనపడలేదు. ఇప్పుడేమో మంచమ్మీద పడుకుని గోడ చూస్తే నీళ్ళలో మునిగినట్టుందని రోగులు గోల పెడుతున్నారట. ఎవడో ఒకడి నెత్తిన పడాలి కదా ఇది."

"డ్రమ్ముకి ఆరు డబ్బాల నీలం అని మీరు చీటీ మీద రాసిచ్చారు. అది ఈతకొలను వాళ్ళ ఆర్డరు."

"ఆ పొద్దున రెండు ఆర్డర్లూ ఒకేసారి మీద పడ్డాయిరా. అటుది ఇటు అయింది. మనిషన్నాక..."

"నేను మీ దగ్గరికొచ్చి అడిగాను. ఆస్పత్రికి ఇంత నీలమా అని."

"అడిగావా?"

"పదీ ఇరవైకి. 'ఎదురు ప్రశ్నలు వెయ్యకు, రాసింది చెయ్' అన్నారు."

"అని ఉంటాను. ఏమో. ఎవడు విన్నాడు? నోటిమాటకి సాక్ష్యమేంటి?"

"మిషన్ల చప్పుడులో మీ మాట నాకు అందలేదన్నాను. అప్పుడు అదే మాట చీటీ వెనకాల రాశారు. సంతకం కూడా పెట్టారు."

"సంతకం... సంతకం దేనికి పెట్టాన్రా?"

"నేనడిగాను."

"ఖర్మ! ఏ వేళ మీ అక్క ఆ కాయితం సాధించుకొచ్చిందో గానీ! 'ఇతనికి ఆటిజం ఉంది, పని నోటిమాటగా చెప్పరాదు, రాసివ్వాలి, ఇది చట్టప్రకారం ఇతని హక్కు.' లామినేషన్ చేయించి మరీ నా బల్లమీద పెట్టింది. కట్టుకున్న పెళ్ళాం!"

"మొదటి ఏడాది మీరు రాసివ్వలేదుగా. మూడు మెమోలొచ్చాయి నాకు. చెప్పింది వినలేదని మీరే రాశారు. రెండుసార్లు మీరసలు చెప్పనేలేదు."

"పాతవి తవ్వకురా."

"తవ్వట్లేదు. ఫైల్లో పైనే ఉన్నాయి. ఇంకోటి వస్తే ఉద్యోగం తీసేస్తామని మూడోదాంట్లో ఉంది."

"తీసెయ్యడమా? నిన్నా? ఎవడికుంది అంత ధైర్యం? నీకు సర్టిఫికెట్ ఉంది, నీ వెనకాల చట్టం ఉంది. నా వెనకాల ఎవరున్నారు? మీ అక్క, ఇద్దరు పిల్లలు. నీకైతే రెండు చీవాట్లు, నాకైతే ఇంటికే. ఆలోచించు."

"సర్టిఫికెట్ ఉందని తీసెయ్యకూడదు. అంతవరకే. తప్పు చేశానని నేనే ఒప్పుకుంటే తీసెయ్యొచ్చు. చదివాను."

"అబ్బబ్బ, అంతదాకా రాదురా! 'పాపం, అతని పరిస్థితి అది' అని వదిలేస్తారు."

"పాపం అనరు బావా."

"మరేమంటారు?"

"'ఇలాంటివాళ్ళని పెట్టుకుంటే ఇంతే' అంటారు. పోయిన నెల ప్యాకింగులోకి నాలాంటి అమ్మాయి ఒకామె ఇంటర్వ్యూకొస్తే మీరే అన్నారు."

"అదేదో... మాటవరసకి అన్నాన్లే."

"ఆమెని తీసుకోలేదు."

"ఊళ్ళోవాళ్ళ సంగతి మనకెందుకు? మన సంగతి చూడు. నీకీ ఉద్యోగం ఇప్పించిందెవరు?"

"మీరు."

"నీకు జ్వరమొస్తే ఆస్పత్రికి మోసుకెళ్ళిందెవరు?"

"మీరే. ఆటోలో. దారిపొడుగునా పాటలు పాడారు. వద్దన్నా పాడారు."

"అదీ! మరి ఆ మాత్రం విశ్వాసం ఉండక్కర్లేదా?"

"ఉంది. మీరంటే నాకు ఇష్టం బావా. అక్క తర్వాత మీరే. కానీ ఆరేళ్ళలో ఒక్క రంగు తప్పు కలపలేదు నేను. నలుగురితో మాట్లాడ్డం రాదు, పెళ్ళిళ్ళకి వెళ్ళడం రాదు, ఫోనెత్తడం రాదు. ఇదొక్కటి వచ్చు. ఇది కూడా రాదని నా నోటితోనే అనమంటే ఏడుపొస్తోంది."

"ఏయ్, ఏడవకు. అందరూ చూస్తున్నారు."

"ఏడవట్లేదు. వస్తోందన్నాను."

"సరే, సరే. ఇలా చేద్దాం. నువ్వేం అబద్ధం ఆడొద్దు. నోరు మూసుకుని కూర్చో. అడిగినదానికల్లా నేను చెబుతా."

"ఏం చెబుతారు?"

"నేను సరిగ్గానే చెప్పాను, నువ్వు కంగారుపడ్డావని. ఊరికే, సుతిమెత్తగా."

"అది కూడా అబద్ధమే."

"నీది కాదుగా, నాది! నా పాపం నేను మోస్తాలే. ఇంతకీ ఆ చీటీ ఏదీ? జేబులో ఉందా?"

"లేదు."

"లాకర్లోనా?"

"కాదు. అక్క దగ్గర."

"మీ అక్క దగ్గరా? హమ్మయ్య! బతికించావురా నాయనా. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, గంటనుంచి నా ప్రాణాలు తోడుతున్నావు!"

"గంట కాలేదు. పంతొమ్మిది నిమిషాలు. మీరు అడగలేదు."

"పోనీలే. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది. ఆవిడకి నేను నచ్చజెప్పుకుంటా. ఎంత కోపమున్నా మొగుణ్ణి వీధిన పడేస్తుందా? చీటీ చూసి ఏమంది?"

"రెండుసార్లు చదివింది. తర్వాత నాకొకటి రాసిచ్చింది."

"రాసిచ్చిందా? నీకా?"

"అక్క నాకు ఎప్పుడూ రాసే ఇస్తుంది. మీరు అడిగితే చదివి వినిపించమంది. చదవనా?"

"ఇలా తే."

"ఇవ్వను, చించుతారు. చదువుతాను. 'మీ బావ నిన్ను క్యాంటీన్‌కి తీసుకెళ్తారు. ఏమంటారో చివరిదాకా విను, నేనొస్తున్న సంగతి నీ అంతట నువ్వు ఎత్తకు. తప్పు నాదే, లోపల అలాగే చెబుతానని ఆయనంటే, ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆ తర్వాత ఆయన ఉద్యోగం పోతే పోనీ, నేను కుట్టుమిషనైనా తొక్కుతాను. నీ మీదికి తొయ్యాలని చూస్తే మాత్రం నాకు మిస్డ్ కాల్ ఇవ్వు. నీ తరఫున ఒక మనిషి రావొచ్చని విచారణ నోటీసులో ఉంది, నా పేరే ఇచ్చాను. చీటీ తీసుకుని గేటు దగ్గర నిలబడి ఉంటాను.'"

"...గేటు దగ్గరా?"

"రెండింటినుంచీ."

"మిస్డ్ కాల్... ఇచ్చేశావా?"

"ఇంకా లేదు బావా. చివరిదాకా వినమంది కదా. మీరు చెప్పడం అయిపోయిందా?"