కొర్లమ్మ కునుకు

కొర్లమ్మని ఒక గుంట ఉండీదంట మా పేటలో. గుంటంటే ఆడపిల్లే, మరీ సిన్నది కాదు, పెళ్లీడు దాటిపోతన్నాదని ఈధిలోవోళ్లు దానికన్నా ఎక్కువ బెంగెట్టుకునే వయసనుకో. దానికి తోడబుట్టిన అప్ప ఒకత్తే, పైడమ్మ. ఆ అప్పని సముద్రం అవతల రంగంలో, అదే, మీరు రంగూన్ అంటారు కదా, అక్కడ బియ్యం మిల్లులో పనిసేసీవోడికిచ్చినారు. ఏమైందంటే, పైడమ్మకి తొలికడుపు. తొలిపురుడు పుట్టింట్లోనే పొయ్యాల. పిల్లని తీసుకొద్దారంటే పొగ ఓడలు ఆగిపోనాయి. ఎక్కడో దొరలూ దొరలూ కొట్టుకుంటన్నారంట, ఉన్న బొగ్గంతా ఆళ్లకే కావాలంట. బొగ్గొచ్చీదాకా కడుపులో పిల్ల ఆగుతాదేటి? ఆఖరి ఓడలో వచ్చిన మనిషితో పైడమ్మ కబురెట్టినాది, అమ్మా, ఇక్కడ మంత్రసాని లేదు, పక్కింటి మనిషి మాట నాకు తెలీదు, భయమేస్తంది, నన్ను తీసుకెల్లిపోండి అని.

ఆళ్లమ్మ నీలమ్మ గడప గడపా తిరిగినాదంట. మొగోళ్లందరూ వలలు ముందేసుకుని కూకున్నారు. తెరచాప పడవ మీద రంగమా నీలప్పా, మా తాతలెల్లీవోరు గానీ ఆ తాతలు తిన్న తిండి వేరు, అన్నారంట. తిండి వేరంట! ఆ తిండి ఒండిన ఆడోళ్ల పేరు ఒక్కడైనా ఎత్తినాడా? అప్పుడు కొర్లమ్మ, అమ్మా నానెల్తాను, అయ్య పడవుంది కదా అన్నాది. అయ్య పోయిన కాణ్ణుంచి ఆ పడవ ఇసకలో బోర్లా పడుంది. ఒక ముసిలాడు లెగిసి, ఆడది చాపెత్తితే గంగమ్మ తల్లికి కోపమొస్తాది అన్నాడు. దానికి కొర్లమ్మ ఏటన్నాదంటే, గంగమ్మేటి తాతా, మొగోడా? అన్నాది. ముసిలాడు మళ్లీ వలలో తలెట్టీసినాడు. నీలమ్మ తన కోకలన్నీ సింపి ఆ పాత చాపకి అతుకులేసినాది. మంచినీళ్ల కుండలూ, ఎండుసేపలూ, అటుకులూ సర్ది, అప్పతో రా, ఒకత్తివీ రాకు, అని పడవ తోసినాది. కన్నతల్లి మాటే అది, ఇంక నువ్వేటనుకుంటావో అనుకో.

గట్టు కనపడ్డం మానీగానే గాలి సచ్చిపోనాది. చాప తడిబట్టలా ఏలాడతన్నాది. కొర్లమ్మ దణ్ణమెట్టి, తల్లీ గంగమ్మా, గాలియ్యే అని పిలిసినాది. పిలిసి పిలిసి గొంతు పోనాది. అప్పుడు నీళ్లు పైకి లెగిసినాయంట, నీళ్లలోంచి ఒక ముసిలమ్మ. మొహమంతా పసుపు, కళ్లకింద ఇంతింత వాపులు. ఏటే నీ గోల, అన్నాదంట. ఒకడు గాలియ్యి అంటాడు, ఒకడు గాలాపు అంటాడు, నాను తొంగున్నదెప్పుడే? కొర్లమ్మ తన అప్ప సంగతంతా సెప్పుకున్నాది. గంగమ్మ ఇని, ఒక పని సెయ్యి, అన్నాది. ఈ గాలి కాపలా నువ్వు తీసుకో. నువ్వు మెలకువగున్నంతసేపూ గాలి మెలకువగుంటాది, నువ్వు కన్నుమూస్తే అదీ మూస్తాది, నాను కొంచెం నడుం వాలుస్తాను. వయసులో ఉన్న గుంట కదా, నిద్దరంటే లెక్కేటి? నిద్దరేటి తల్లీ, ఇంటికెల్లేక తొంగుంటాను, అనేసినాది కొర్లమ్మ. గంగమ్మ ఇంక రెండో మాట ఇనలేదు, నీళ్లలోకెల్లి ఎంటనే గుర్రెట్టినాదంట.

ఇంక గాలి సూడు! ఒకటే తోపు. మొదట్లో కొర్లమ్మ పాటలు పాడినాది, కేకలేసినాది, రాజ్యం తనదే అనుకున్నాది. తరవాత పాటలు మానీసినాది. తరవాత కళ్లల్లో ఉప్పునీళ్లు జల్లుకున్నాది, మిరపకాయ నమిలినాది, జుట్టు తీసికెల్లి చాప కొయ్యకి కట్టుకున్నాది. తూలితే జుట్టు పీకుతాది, మెలకువొస్తాది, గాలి తోస్తాది. అలా తూలుతా పీకించుకుంటా రంగం సేరినాది. సముద్రం మీద ఎల్లడమంటే ఏదో అనుకుంటారు. ఏటీ ఉండదు. నీళ్లు, నిద్దర, నీళ్లు, నిద్దర.

పైడమ్మ నిండుకడుపుతో రేవుకొచ్చి, మొగోళ్లెవులూ రాలేదేటే? అన్నాది. నానొచ్చినాను సాలదా, ఎక్కు, అన్నాది ఇది. మొగుణ్ణి మిల్లోళ్లు వదల్లేదు. తిరుగుదోవలో సెల్లిని తొంగోనివ్వకండా సూసీ పని పైడమ్మది. ఎలా సూసినాదనుకున్నావు, ముద్దుసేసా? తిట్టినాది. నా ఎర్రగాజులు ఇరగ్గొట్టినావు, నా మీద సాడీలు సెప్పి అయ్య సేత నన్ను కొట్టించినావు, నా పెళ్లిలో నాకన్నా ముందు తిన్నావు అని పాతగొడవలన్నీ తవ్వినాది. కోపమొస్తే నిద్దర రాదు కదా. ఇది తిరగబడి తిడతాది, గాలి ఇసురుతాది, పడవ పరుగెడతాది. అలా మన పేట కొండ కనపడినాది. అప్పుడే పైడమ్మకి నొప్పులొచ్చీసినాయి. ఇంక తిట్టడానికి దానికి ఊపిరేదీ? తిట్లాగినాయి, కొర్లమ్మ సుక్కాని పట్టుకునే కన్నుమూసినాది, గాలి ఆగిపోనాది.

ఓలే కొర్లీ, లెగవే, నీళ్లమీద పుడితే నా పిల్లకి ఊరేదే, అని పైడమ్మ ఏడిసినాది. లెగలేదు. జబ్బ పట్టి కొరికినాది. రక్తమొచ్చినాది, అప్పుడు లెగిసినాది. లెగిసి అప్పని ఒళ్లో ఏసుకుని, కొరుకప్పా, ఆపకు, కొరుకుతానే ఉండు, అన్నాదంట. నొప్పొచ్చినప్పుడల్లా అప్ప కొరుకుతాది, సెల్లి కెవ్వుమంటాది, గాలి తోస్తాది. ఎవులికి నొప్పో, ఎవులు అరుస్తన్నారో గట్టుమీదోళ్లకి తెలీలేదంట. పడవ ఇసకెక్కినాది. నీలమ్మ పరుగెట్టి పెద్దకూతుర్ని ఇంట్లోకి తీసుకెల్లినాది, గడప దాటీ దాటగానే ఆడపిల్ల పుట్టినాది. కొర్లమ్మ ఆ పిల్ల ఏడుపిని, ఇంక సాల్లే, అని గడప లోపలే తడిబట్టల్తో పడి తొంగున్నాది.

ఇంకేటి, ఊరంతా గాలి లేదు. ఆకు కదల్దు. రోజులు పోతన్నాయి, ఒక్క పడవా ఎల్లదు. మొగోళ్లందరూ డప్పులట్టుకుని నీలమ్మ గుమ్మం ముందుకొచ్చినారు, మీ గుంటని లేపు, మాకు గాలి కావాల అని. నీలమ్మ సీపురట్టుకుని గుమ్మానికడ్డం నిలబడినాది. డప్పుమీద సెయ్యేస్తే ఈ సీపురు మీ ఈపుమీద పడతాది, అన్నాది. మీ తాతలు గాలి లేనప్పుడు ఏటి సేసీవోరు? తెడ్లేసీవోరు. ఆళ్లు తిన్న తిండే నాను ఒండెడతాను, తిని తెడ్లేసుకోండి. నా కూతురు తొంగున్నాది.

ఆళ్లు తిన్నారంట, తెడ్లేసినారంట. ఇప్పటికీ గాలి పడిపోతే మా ఇంట్లో మొగోడు సముద్రాన్ని తిడతాడు. కొర్లమ్మ తొంగున్నాది, తెడ్డందుకో అంటాను. నాకూ తెల్లారకముందు లెగిసి కళ్లు మూసుకుపోతన్నాయి, గుమ్మానికడ్డం నిలబడ్డానికి మాయమ్మ లేదు. నీకు కథ కావాలన్నావు, సెప్పినాను. ఇప్పుడా రాత పక్కనెట్టి, ఆ సీపురట్టుకుని కాసేపు గుమ్మంలో నిలబడు.