కిందికి దిగని గడి

సువా రేవు దగ్గర, నీళ్లలో కలిపి తాగే కావా వేర్ల టోకు కొట్టు. లెక్కలకి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిన కుర్రాడు గుమస్తా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తెర మీద రంగులు బావున్నాయా అక్కా?"

"రంగులతో నాకేం లాభం, తమ్ముడూ? ఎంటర్ కొడితే కింది గడిలోకి దిగదు. ఒక్కో బస్తా బరువు ఎక్కించడానికీ మౌస్ పట్టుకోవాలి."

"కాస్త ఆలస్యం, అంతేగా?"

"ఆ ఆలస్యానికి ప్రతి శుక్రవారం కడావు దీవికెళ్లే పడవ తప్పిపోతోంది. పాతదాంట్లో పని ముగించుకుని ఎక్కేసేదాన్ని."

"అక్కడెవరున్నారు?"

"నా కూతురు. ఆదివారం చర్చికి నా చేతే తల దువ్వించుకునేది. ఇప్పుడు అమ్మమ్మ చెయ్యే బావుందంటోందట."

కుర్రాడు కాసేపు కీబోర్డు మీద వంగి ఏదో మార్చాడు.

"కొట్టి చూడక్కా."

"దిగింది!"

"వచ్చే శుక్రవారం పడవెక్కెయ్."

"ఎక్కుతా. నన్ను దువ్వనిస్తుందో లేదో."