అంగట్లో అనకూడని మాట

కొంచెం సర్దుకో నాయనా. నీ ఫోటో అద్దం నా మోకాలికి కొట్టుకుంటాండాది. మోపెడ్ మీద ఇంతకంటే జాగా యాడినుంచి తేవల్ల? బతికున్నప్పుడు వెనక సీట్లో దర్జాగా కూర్చుంటివి, ఇప్పుడు నా కాళ్ళ సందులో నిలబడినావు. అందరూ చూస్తాండారని మొగం అట్ల పెట్టగాకు. చూడనీ. రామలింగయ్య శెట్టికి మతి పోయింది, చచ్చిపోయిన తండ్రిని బండి మీద ఊరేగిస్తాండాడని రాయచోటి బజారంతా చెప్పుకోనీ.

చూసినావా, ప్యాంటు వేసినా. పెండ్లయినప్పటి నుంచి పంచె తప్ప ఇంగోటి ఎరగని కాళ్ళు ఇవి. పొద్దున్నుంచి గాలాడక ఒకటే చక్కిలిగింతలు. నాకు నవ్వొస్తాండేది ప్యాంటుకో, జరిగిన సంగతికో నాకే తెలీడం లే.

ఏంటికి గోడ మీది నుంచి దించినావంటావా? చెప్తా, తొందరపడగాకు. సుందరలక్ష్మికి కూడా ఇంగా చెప్పలే. కట్టుకున్నదాని కంటే ముందు నీకే చెప్తాండా. ఆయమ్మయితే సంతోషపడతాది. భయమంతా నీతోనే గదా.

నాకు ఉద్యోగమొచ్చింది నాయనా.

అదో, చూపు మారింది. శెట్టి బిడ్డకు ఉద్యోగమేందిరా, ఒకరి కింద చేతులు కట్టుకోని నిలబడతావా అంటావు. నీ అంగడి సంగతి గోడ మీది నుంచి నువ్వు చూడలేదా? కడప రోడ్డులో ఆ పెద్ద మార్టు లేచినంక మన దగ్గరికి వచ్చేదెవరు? దారి అడిగేటోళ్ళు, నీళ్ళు అడిగేటోళ్ళు. ఉగాది ముందర చింతపండు, బెల్లం కూడా అట్లనే కూర్చున్నాయి, వాటి పక్కన నేను కూర్చున్నా. పండగ దాటినంక షట్టరు దించేస్తి.

దించినా నా కాళ్ళు ఊరుకుంటాయా? పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకోని, బీగాలు జేబులో వేసుకోని వచ్చి మూసిన అంగడి మెట్టు మీద కూర్చుంటాంటి. ఎవరన్నా ఏమప్పా, ఇంగా తీయలేదా అంటే రిపేరీ జరుగుతాండాదప్పా అంటాంటి. లోపల సుత్తి చప్పుడన్నా వినపడల్ల గదా రిపేరీ అంటే. పాపం, ఆ చప్పుడేదని ఎవరూ అడిగిందే లే.

అట్లాంటప్పుడు దొరికింది ఆ పాప. హర్షిణి అని, లక్కిరెడ్డిపల్లె పక్క రెడ్లోళ్ళ పిల్ల. మన ఎదురు మేడ మీద ఆఫీసు ఉండాది చూడు, పని లేనోళ్ళకు పని వెతికిపెట్టే ఆఫీసు. ఒక్కొక్కరికి ఒక మనిషిని జతచేస్తారు. ఆ మనిషి రోజూ పలకరించి, మాట్లాడేది నేర్పించి, పని దొరికేదాకా తోడుంటారు. నేనేమన్నా పని కోసం ఎక్కినానా ఆ మెట్లు? కొట్లాటకు ఎక్కితి. ఆడికొచ్చే పిల్లోళ్ళంతా బండ్లు తెచ్చి నా షట్టరు ముందరే పెడతాండారని. మూసిన షట్టరుకు బండి అడ్డమేంది అని నువ్వడిగినా సరే, మర్యాద మర్యాదే.

కూర్చోండి అంకుల్ అనింది. మంచినీళ్ళిచ్చింది. పేరు, వయసు, ఫోను నంబరు అడిగింది. బండ్లు తీయించి నాకు ఫోను చేసి చెప్తాదేమో అనుకోని అన్నీ చెప్పేస్తి. కడాకు తల పైకెత్తి అడిగింది: "మీకు పని అవసరం ఉందా, లేదా అంకుల్?"

అదీ నాయనా, నువ్వు నాకు చేసిన అన్యాయం. అంగట్లో లేదు అనే మాట నోట్లోంచి రాకూడదని నేర్పిస్తివి గదా. చక్కెర అయిపోతే నిండుకుండాది, సాయంత్రానికి వస్తాది అనల్ల. పసుపు దొరక్కుంటే కుంకుమ చూడమ్మా అనల్ల. లేదంటే లక్ష్మీదేవి లేచిపోతాదని. చిన్నప్పుడు ఒకసారి ఎవరో ఆముదం అడిగితే నోరు జారి అనేసినందుకు బావి కాడికి తీసకపోయి నోరు కడిగించినావు. ఆ నోరు ఇంగ అంగట్లో ఏంది, ఇంట్లో కూడా ఆ మాట పలకదు. ఆకలిగా లేదా అని సుందరలక్ష్మి అడిగితే, కాసేపటికి వస్తాదిలే అంటా.

మరి ఆ పాపకేం చెప్పేది? అవసరం లేదమ్మా అంటే అయిపోయేది. నాకు అలవాటైందేమో చూద్దాంలే తల్లీ అంటి. అంగట్లో చూద్దాంలే అంటే వద్దని అర్థం గానీ, ఆ ఆఫీసులో చూద్దాంలే అంటే సరేనని అర్థమంట. నా పేరు ఎక్కించేసింది.

మర్నాడు పొద్దున్నే ఫోను. లేసినారా అంకుల్, ఏం చేస్తాండారు అని. మెట్టు మీద కూర్చున్నానమ్మా అంటి. రేపు మెట్టు కాదు, మేడ ఎక్కి రాండి అనింది. రోజూ ఫోనే నాయనా. కన్నకూతురు శ్రీవాసవి అన్ని దినాలు చేయలే. మొదట చిరాకుపడితి. తర్వాత తర్వాత ఆ ఫోను రావడం రవ్వంత ఆలస్యమైతే, నెట్వర్కు పోయిందేమోనని మెట్టు దిగి వీధిలో నిలబడతాంటి.

ఇంటర్వ్యూ అంటే ఎట్లుంటాదో నేర్పిస్తా అనింది. తనే ఆఫీసరు మాదిరి కూర్చునింది. కండ్లద్దాలు పెట్టుకోని, గొంతు మార్చి, మీకు అనుభవం ఉందా అని అడిగింది.

ఉండాదమ్మా, ఎంత కావల్ల అంటి.

ఆ పాప పెన్ను కింద పెట్టింది. సరే, ఇంగ్లీషు తెలుసా అనింది. ఇప్పుడే నిండుకుండాది, సాయంత్రానికి తెప్పిస్తా అంటి. కంప్యూటరు తెలుసా అనింది. దానికంటే మంచి రకం ఉండాది, చూపించమంటావా అంటి. నేను ఎగతాళికి అనలే నాయనా, నీ మీద ఒట్టు. గల్లాపెట్టె ముందర కూర్చున్న నోరు, ఎదురుగా మనిషి అడగతానే దాని పని అది చేసుకుంటా పోతాండాది. ఆ పాప బల్ల మీద తల పెట్టి నవ్విన నవ్వు, కింద బజారులోకి వినపడింది.

నవ్వి నవ్వి కండ్లు తుడుచుకోని ఒక మాట చెప్పింది. అది మాత్రం నా మనసులో దిగిపోయింది. "తెలియనిది తెలియదని చెప్పండి అంకుల్. అప్పుడే మీరు తెలుసన్నది జనం నమ్ముతారు."

ఇంగ ఆ పొద్దు నుంచి లేదు అనడం నేర్పించే చదువు మొదలు. లేదు మేడమ్, కానీ నేర్చుకుంటా. అంతే వాక్యం. రెండో సగం గడగడా వస్తాది. మొదటి మాట కాడికి వచ్చేసరికి నాలుక ముడి పడతాది. పక్కకు తిరిగి చూస్తా, లక్ష్మి యాడన్నా నిలబడి వింటాందేమోనని. ఇంటికాడ స్నానం చేస్తా కూడా లేదు, లేదు, లేదు అని చదువుకుంటాంటి. సుందరలక్ష్మి తలుపు కాడ విని, ఈయప్పకు ఎవరో ఏదో పెట్టినారని ఎండుమిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గుకుంటా చచ్చినాం.

నవ్వులాటే కాదులే. నడుమ ఒక పొద్దు నేను ఎగ్గొట్టి మళ్ళా మెట్టు మీదనే కూర్చుంటి. ఈ వయసులో ఇంటర్వ్యూ ఏంది, పిల్లోళ్ళ మధ్య ఈ ముసలోడేంది అని సిగ్గేసింది. ఆ పాప మెట్లు దిగి వచ్చి, ఆ మట్టిలోనే నా పక్కన కూర్చునింది. తిట్టలే. రిపేరీ ఎప్పటికి అయిపోతాది అంకుల్ అని మెల్లగా అడిగింది. చేతిలో బీగాలగుత్తి తిప్పుకుంటా కూర్చుంటి. లేసి దుమ్ము దులుపుకోని, రేపు తప్పకుండా రాండి అనేసి పోయింది. ఆ దినం నాకు తెలిసింది నాయనా, ఈ మెట్టు మీద ఇట్లనే కూర్చుంటే నేను బతికుండంగానే ఫోటో అయిపోతానని.

ఆగు, ఆగు, చెరుకురసం బండి. ఒకటి తాగుదాం. ఆయప్ప నీ వైపు చూసి రెండు గ్లాసులా అంటాండాడు. రెండే పోయప్పా, మా నాయనది కూడా నేనే తాగుతాలే.

హా. చల్లగా ఉండాది. యాడున్నా నేను?

ఈ పొద్దు ఇంటర్వ్యూ. యాడనుకున్నావు? ఆ మార్టులోనే. మన అంగడిని మింగిన మార్టులోనే. కండ్లు అట్ల ఉరమగాకు. లోపలికి అడుగుపెట్టేసరికి ఏసీ గాలి మొగానికి కొట్టింది, నా ఒళ్ళంతా ఝల్లుమనింది. సుధీర్ అని మేనేజరు, శ్రీవాసవి ఈడు పిల్లోడు. హర్షిణి నాతో వచ్చి అద్దం తలుపు అవతల నిలబడింది. రెండు చేతులూ దండం పెట్టినట్ల పట్టుకోని.

రామలింగయ్య గారూ, ఎంత అనుభవం అన్నాడు. ఎంత కావల్ల సార్ అనేస్తి. అద్దం అవతల ఆ పాప నవ్వుకుంటా తల పట్టుకునింది. మేనేజరుకు అర్థం కాలే, కానీ నవ్వినాడు. కంప్యూటరు అడిగినాడు. లే... లే... అని లేగదూడ మాదిరి రెండుసార్లు అంటి. మూడోసారికి సగం మాట మింగి, నేర్చుకుంటా సార్ అంటి. సరే అన్నాడు.

తర్వాత కాగితాలు పక్కన పెట్టేసి నన్ను సూటిగా చూసినాడు. మీకు బజారులో సొంత అంగడి ఉండాదంట గదా, రిపేరీలో ఉండాదని విన్నా అన్నాడు. ఊరంతా నేను చెప్పిన మాటే గదా, ఆయప్ప దాకా పోయింది. రేపు రిపేరీ అయినంక మమ్మల్ని వదిలేసి మీ అంగడికి మీరు పోతారు, అప్పుడు మా గతి? ఉండేటోళ్ళనే తీసుకుంటాం అన్నాడు. ఇంగ అయిపోయింది, పని పోయింది అనుకుంటి. జేబులో బీగాలు తొడకు గుచ్చుకుంటాండాయి. అద్దం అవతలికి చూస్తి. ఆ పాప నవ్వడం ఆపేసింది.

"లేదు సార్" అంటి. "అంగడి లేదు."

వచ్చేసింది నాయనా. ముడి ఊడినట్ల వచ్చేసింది. పైకి చూస్తి, కప్పు కూలలే. కిందికి చూస్తి, భూమి చీలలే. బయట జనం ట్రాలీలు తోసుకుంటా పోతానే ఉండారు. నాకు లోపలినుంచి నవ్వు పుట్టింది. ఆపుదామంటే ఆగదే. లేదు సార్, రిపేరీ లేదు, ఏమీ లేదు అని నవ్వుకుంటా అంటాండా, ఆ మేనేజరు కూడా నాతో నవ్వుతాండాడు, ఏంటికి నవ్వుతాండాడో ఆయప్పకే తెలీదు. తలుపు తీసుకోని ఆ పాప లోపలికే వచ్చేసింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

పనేందో విను. వాకిలి కాడ నిలబడి, వచ్చినోళ్ళకు ఏ సరుకు యాడ ఉండాదో చూపించల్ల. సరుకు లేకుంటే లేదని మొగం మీదే చెప్పల్ల. పొద్దుగూకులూ లేదు, లేదు అని చెప్పేదానికి జీతం ఇస్తారు నాయనా నాకు. లక్ష్మే పిలిచి ఇస్తాదంట.

అక్కడినుంచి నేరుగా పోయి మన అంగడి బాడుగ కట్టడం ఓనరుకు బీగాలు అప్పజెప్పేస్తి. అన్న మాట నిజం చేయల్ల గదా. బీగాలు ఇచ్చే ముందర ఆఖరుసారి షట్టరు ఎత్తి నిన్ను దించుకుంటి. గోడంతా వెలిసిపోయినా, నువ్వున్న చోట మాత్రం సున్నం కొత్తగా ఉండాది.

ఇంగొకటి ఉండాది. రసం తాగే లోపల చెప్పేస్తా, ఇల్లు చేరితే చెప్పలేను.

షట్టరు దించిన పొద్దు నేను మెట్టు మీద ఏడిస్తి, లోపలినుంచి విన్నావు గదా. బజారంతా చూసింది. తండ్రి పెట్టిన అంగడి పోయిందని పాపం ఎంత కుమిలిపోతాండాడో అన్నారు. అది కాదు నాయనా. షట్టరు కింద తగిలిన చప్పుడు వినంగానే నాకు గుండెలో శానా తేలికైంది. అంత తేలికైందే అని భయమేసి ఏడిస్తి.

గల్లాపెట్టె ముందర ఆ గద్దె మీద కూర్చోవడం నాకు ఏ పొద్దూ ఇష్టం కాలే. నలుగురిలో తిరగల్ల, నిలబడి మాట్లాడల్ల అని ఉంటాండె. ముందే చెప్పి ఉండొచ్చు గదా అంటావు. నువ్వు అడగలేదని కాదు. పదో తరగతి అయినంక కొత్త పంచె కట్టించి, కొబ్బరికాయ కొట్టి, గద్దె మీద కూర్చోబెట్టి అడిగితివి. రామలింగా, అంగడి మీద మనసుండాదా నాయనా అని. ఊరికే అడగలే, నిజంగా తెలుసుకుందామనే అడిగితివి. నీ కండ్లు చూస్తే తెలుస్తాండె.

నేను అనాల్సింది ఒక్కటే మాట. కానీ కూర్చునింది అంగట్లో గదా, ఎట్ల అనేది?

ఉండాది నాయనా అంటి. నువ్వు నమ్మేస్తివి.

సరే, పోదాం పా. సుందరలక్ష్మి అన్నం పెట్టుకోని కాచుకోనుంటాది.