చూరులో పొగకుండ

హలో… ఆ, నేనేనండి, కనకరత్నాన్ని. ఏలూరు బస్టాండు బయట కాయిన్ బాక్సు నుంచి…

లేదండీ, ఇంకా బస్సెక్కలేదు.

…ఇచ్చారండి కాయితం. ఇందాకే ఆఫీసులో ఇచ్చారు. గుమాస్తా గారి చేత రెండుసార్లు చదివించుకున్నాను. నేను యానాదిని కానంట. నా సర్టిఫికెట్టు చెల్లదంట. ఎస్టీ సీటు కదా, పంచాయతీ ప్రెసిడెంటు పదవి కూడా ఇవాళ్టితో సరి.

…మీకు తెలీదా? మరి కింద సాక్షి సంతకం మీదే కదండీ, వెంకట్రాజుగారూ!

లేదండీ, అరవట్లేదు. అడుగుతున్నాను. కిందటేడు నామినేషనప్పుడు నన్ను సర్టిఫికెట్టుకి తీసుకెళ్ళింది ఎవరండీ? 'దీని తాత మా చేలో ఎలుకలు పట్టాడు, దీని నాన్న పట్టాడు, ముమ్మాటికీ యానాదుల పిల్లే' అని బల్ల గుద్ది చెప్పింది మీరే. ఇప్పుడేమో… 'ఎక్కణ్ణించో వచ్చినవాళ్ళు, వీళ్ళ కులమేంటో మాకు తెలీదు' అని రాయించారు.

…ఏంటండీ? నా నోటితో నేనే చెప్పుకున్నానా?

…అవును. చెప్పాను. కులం ఎంక్వయిరీకొచ్చినాయన 'మీవాళ్ళ పనేంటమ్మా' అంటే, వ్యవసాయమండి అన్నాను. 'ఇంట్లో ఎలుకలకి పొగబెట్టే పొగకుండ ఉందా' అంటే, అబ్బే, అలాంటివి మా ఇంట్లో ఉండవండి అన్నాను. ఇస్త్రీ చీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని మరీ అన్నాను.

అలా అనమన్నది ఎవరండీ?

…మర్చిపోయారా? ముందురోజు సాయంత్రం, మీ అరుగు మీద. 'ప్రెసిడెంటువి, ఎలుకలూ, పొగకుండలూ అన్నావంటే ఆఫీసర్లు నవ్విపోతారు, ఊరి పరువు తీస్తావా' అన్నారు. నిజమే కామోసనుకున్నాను. చిన్నప్పట్నుంచీ ఆ మాటకి జనం నవ్వడమే చూశాను కదండీ. నా మంచికే చెప్తున్నారనుకుని… ఇంటికెళ్ళి ఆ కుండని దాచేశాను.

…ఆ. చెప్పండి. చెప్పండి మరి, ఇదంతా దేనికి చేశారో.

…చెరువు కోసం. నాకు తెలుసండి. కొల్లేట్లో మీ బావమరిది గారి చేపల చెరువులు ప్రభుత్వం కొట్టించేసింది. ఆయన కన్ను పంచాయతీ చెరువు మీద పడింది. లీజు తీర్మానం మీద నేను సంతకం పెట్టలేదు. మా ముప్పై గడపలకీ పూటకింత కూర ఆ చెరువులోదేనండి. దానికి నన్ను తిట్టండి, వచ్చే ఎలక్షన్లో ఓడించండి, పడతాను. అసలు నేను నేనే కాదని చెప్తారా?

ఉండండి, రూపాయి వేస్తున్నా… ఆ, చెప్పండి.

…సీటు ఎక్కడికీ పోదా? మళ్ళీ మావాళ్ళనే నిలబెడతారా? ఎవర్నండీ?

…ఎవరు?

…సీతారత్నమా? మా చెల్లెలా?

ఏవండీ, ఇద్దరం ఒక తల్లి బిడ్డలం కదండీ! నేను యానాదిని కానప్పుడు అదెలా అయింది?… ఎవరి సర్టిఫికెట్టు వాళ్ళదా… ఆహా. దానికీ సాక్షి మీరేనా?

…అక్కడే ఉందా? మీ ఇంట్లోనా? ఒక్క నిమిషం దానికివ్వండి. తిట్టనండీ, ఇవ్వండి.

…సీతా.

ఏడవకే. ఎప్పట్నుంచి తెలుసు నీకు?… నెల్లాళ్ళ నుంచా! నెల్లాళ్ళూ నా ఇంట్లో, నా పక్కనే కూర్చుని తిన్నావు కదే. ఒక్క పూటైనా నోరు రాలేదా?

…ఇల్లు కట్టిస్తానన్నారా. ఊఁ… కడతారు, కడతారు. నాకూ చాలా చెప్పారు.

సరే, విను. నా దగ్గర ఇంకొక్క రూపాయే ఉంది. నీ దగ్గరికీ ఎంక్వయిరీకొస్తారు. వ్యవసాయం అనకు. ఎలుకలు పడతామని చెప్పు. కుండలో గడ్డి రాజేసి, కన్నానికి ఆనించి, పొగ ఎలా ఊదుతామో చూపించు. కన్నంలో దొరికిన వడ్లు మనవేనని, రైతు అడగడని, అదీ చెప్పు. నవ్వితే నవ్వనీ. నాలాగా సిగ్గుపడకు.

ఎవరు నేర్పారమ్మా అంటారు. మా అక్క కనకరత్నం నేర్పిందని చెప్పవే. నా పేరు రాయించు. ఆ ఒక్క ముక్క కాయితంలో పడితే చాలు, అది పట్టుకుని మళ్ళీ ఆఫీసుకెళ్తాను… చెప్తావా?

…సీతా? ఉన్నావా?

…ఏంటి? పొగకుండ ఎక్కడుందా? ఉందిలేవే, పారెయ్యలేదు. వంటింటి చూరులో, కుడి పక్కన, పైన గోనె కప్పాను. మెల్లిగా దించు, మూతి దగ్గర బీటిచ్చింది. నాన్న చేతిది… ఎంక్వయిరీ ఆయనకి చూపిస్తావా? చూపించవే, మంచి పని. మా అక్కదని—

…ఏంటి?

…నీదని చూపిస్తావా? అలా చెప్పమని ఎవరన్నారే?

…రాజుగారు పక్కనే ఉండి అడిగిస్తున్నారా?

సీతా, ముట్టుకోకే దాన్ని… అది నాన్న నా చేతికిచ్చాడే… సీతా, వినవే… హలో… హలో—