బాణం గుర్తులు

యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివే కూతురు ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని అద్దెగదికి తిరిగొచ్చి, బాల్కనీలో ఆరుతున్న రాళ్లను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“వీటిని కడిగేశావా అమ్మా?”

“మట్టి కొట్టుకుపోయి ఉన్నాయే. పీచు పెట్టి రుద్దాను. చదువుకునే రాళ్లు ఇంత మురికిగానా ఉండేది?”

“వాటి మీద బాణం గుర్తులుండాలి.”

“ఉండేవి. చిన్నపిల్లలెవరో గీశారనుకుని అవీ రుద్దేశాను.”

“కొండలో రాయి ఎటు వాలి ఉందో గుర్తు వేశాకే విరగ్గొడతామమ్మా. గుర్తు పోతే, కొండ ఎటునుంచి నలిగిందో ఆ రాయి చెప్పలేదు.”

“అయ్యో! మళ్లీ వెళ్లి తెచ్చుకుందాం తల్లీ. నేనూ వచ్చి మోస్తాను.”

“తెచ్చుకోవచ్చులే. సర్ కూడా ఏమీ అనరు.”

“మరెందుకే ఆ ఏడుపు?”

“ఆ గుర్తులు సుహాస్ వేశాడమ్మా.”

పోయిన నెల కొలతలు తీస్తుండగా కొండచరియ విరిగిపడి చనిపోయిన అబ్బాయి అతను.

“నీతో చదివే అబ్బాయనే కదే చెప్పావు?”

“మిగతాది దీపావళికి వచ్చి తానే నీకు చెబుతానన్నాడు.”

తల్లి రాళ్ల ముందు చతికిలబడి, ఎక్కడైనా కాస్త గీత మిగిలిందేమోనని ఒక్కొక్కదాన్నే వెలుగుకు తిప్పి చూడసాగింది.