సోయా తగ్గించిన కోడలు

ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో ఒక కుందేళ్ల షెడ్డు. గూళ్ల మధ్య అత్తాకోడళ్లు నిలబడి ఉన్నారు.

"దాణాలో సోయా తగ్గించావంట! ఎదిగే పిల్లల నోటికాడ కూడు లాగేస్తావా?"

"సోయా అంతా ప్రోటీనే అత్తయ్యా. ఒంటికి పట్టేంత పెడితే చాలు. మిగిలింది ఉచ్చలో పోతుంది. డబ్బులిచ్చి కంపు కొనుక్కోవడమే!"

"మీ మావ జీవితమంతా అలాగే పెంచాడు."

"సగం పారుడు రోగంతోనే చచ్చేవి."

"నోర్ముయ్! రేపు బేరగాడొచ్చి తూచినప్పుడు తెలుస్తుంది నీ తెలివి."

"పొద్దున్నే తూచాను. బరువు నిరుటికంటే తగ్గలేదు. దాణా ఖర్చే తగ్గింది."

"నీ తక్కెడకీ నీలాగే అబద్ధాలొచ్చు."

"తక్కెడ సంగతి వదిలెయ్యండి. నిరుడు ఇక్కడ అడుగుపెడితే ఉచ్చ కంపుకి కళ్లు మండి, దగ్గుకుంటూ బయటికి పరుగెత్తేవారు. ఇవాళ ఇంతసేపు నిలబడి తిట్టారు. ఒక్కసారైనా దగ్గారా?"

అత్త గట్టిగా గాలి పీల్చి చూసింది.

"దగ్గడానికి నువ్వు సందిస్తేగా!"