పసుపునీళ్ల బావికి బెల్లం పెట్టిన నూకరత్నం

నూకరత్నం చేద దింపితే పసుపునీళ్లు వచ్చేవంట. పసుపంటే మన పెళ్లిపసుపు కాదర్రా, నోట్లో పోస్తే చేదు, చేతికి తగిలితే పుండు. ఏమైందంటే, ఊరి బయట తోళ్ల ఫ్యాక్టరీ ఒకటుండేది. పదేళ్లు తోళ్లు ఊరబెట్టి, ఆ మందునీళ్లన్నీ గోతుల్లోకి వదిలేసి, ఒకరోజు తాళం వేసుకుని పోయింది. యజమాని పోయాడు గానీ మందు పోలేదు. నేలలోకి దిగి దిగి ఊరబావిలోకి వచ్చి కూర్చుంది. ఇంక ఆడవాళ్లంతా బిందెలెత్తుకుని రెండు మైళ్ల అవతల పారే గెడ్డకి పోవాలి. మగవాళ్లకి ఆ రెండు మైళ్లు ఎంత దూరమో తెలీదు, వాళ్లకి నీళ్లు గ్లాసులోనే పుడతాయి కదా! నూకరత్నానికి అరవై ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి. దానికి తోడు ఆఫీసరొకడు వచ్చి, దసరాకి నీళ్లు బాగుపడకపోతే బావిని రాళ్లతో పూడ్చేస్తామన్నాడంట. అంటే ఇంక బతికినన్నాళ్లూ గెడ్డే గతి అనుకో.

అప్పుడొచ్చింది ఎస్తేరని ఒక గుంట, పట్నంలో మట్టి గురించి చదువుకున్న పిల్ల. వచ్చి ఏమందంటే, నేలలో కంటికి కనబడని పురుగులుంటాయంట, వాటికి తియ్యటి తిండి పెడితే బలిసి, ఆ విషాన్ని విరిచేసి, మట్టికి అతుక్కునేలా చేసేస్తాయంట, ఇంక నీళ్లలోకి రాదంట. బావి చుట్టూ గొట్టాలు దింపి బెల్లంనీళ్లు పోద్దాం, అంది. గవరయ్య పకపకా నవ్వాడు. గవరయ్యెవరా? సర్పంచి అప్పలకొండ మొగుడు. వోట్లు ఆవిడకి పడ్డాయి, కుర్చీలో ఈయన పడ్డాడు. "విషానికి బెల్లం పెట్టడమేటమ్మా, బావికేమైనా బారసాలా?" అన్నాడంట. నూకరత్నం మాత్రం నవ్వలేదు. "రోజూ పొయ్యాలా? మూత పెట్టాలా? కదపకూడదా?" అని ఒకటే అడగడం. ఎస్తేరు తెల్లబోయి, "అన్నీ నీకెలా తెలుసు పెద్దమ్మా?" అంది. "ఇది తరవాణి కుండ కాదేటే! రోజూ ఇంత గంజి పోసి మూతపెట్టి ఊరుకుంటే పులిసి, దాని పని అదే చేసుకుంటది. మనం పెట్టాలి, ఓపిక పట్టాలి, అంతే గదా!"

ఇంక ఇంటికింత బెల్లం తెచ్చి ఆడవాళ్లే కలిపారు, పోశారు, పోశారు, నెలరోజులు పోశారు. నీళ్లు పసుపు పోయి నలుపెక్కాయి, మురుగు కంపు కొట్టాయి. "అదీ, పురుగులకి తిండి ఒంటబట్టింది!" అని ఎస్తేరు గంతులేసింది. ఇంతలో ఏమైందంటే, ఆఫీసరు వస్తున్నాడని గవరయ్యకి కబురొచ్చింది. ఊరు కంపు కొడితే పరువేం కాను? ఆడవాళ్లు గెడ్డకి పోయినప్పుడు చూసి, బావిలోకీ గొట్టాల్లోకీ బస్తాలకి బస్తాలు బ్లీచింగు కుమ్మరించాడు! మన ఊళ్లల్లో అంతే కదా, పెద్దమనిషి వస్తున్నాడంటే కాలవకైనా కళ్లాపికైనా బ్లీచింగే. పురుగులన్నీ చచ్చాయి. వారం తిరక్కుండా నీళ్లు మళ్లీ పసుపు. దసరా చూస్తే నెలన్నరే ఉంది.

నూకరత్నం బిందె నడుమునే పెట్టుకుని పంచాయతీ ఆఫీసుకి పోయింది. "ఏం మరిదీ, మీ ఇంట్లో తరవాణిలో సబ్బు పోస్తావా? ఆఫీసరు ముక్కు కోసం మా మోకాళ్లు తాకట్టు పెట్టావా?" అంది. గవరయ్య, "నీకేం తెలుసు, సర్పంచి ఆర్డరు" అన్నాడంట. మూల నిలబడున్న అప్పలకొండ ఆ మాట వింది. "నేనెప్పుడిచ్చానయ్యా ఆర్డరు?" అంది. నెమ్మదిగానే అంది. కానీ మొగుడి జేబులో చెయ్యిపెట్టి బ్లీచింగు గది తాళంచెవి తీసి, కొంగున ముడేసుకుంది. "ఇప్పుడిస్తున్నాను. లే, ఆ కుర్చీ నాది." లేచాడర్రా! లేవక చస్తాడా, గుమ్మంలో ముప్పైమంది ఆడవాళ్లు, ముప్పై బిందెలు.

"అన్నీ చచ్చాక ఇంకేం చేస్తామే?" అని ఎస్తేరుని అడిగితే, ఆ చివరి గొట్టంలో బ్లీచింగు పడలేదు పెద్దమ్మా, అందంట. నూకరత్నం ఎగిరి గంతేసింది, ఆ మోకాళ్లతోనే. "మన కుండ పగిలితే పక్కింట్లోంచి గరిటెడు తరవాణి తెచ్చుకోమా!" ఆ గొట్టం అడుగునున్న నల్లమట్టి తోడి, ఇంటికో కుండలో బెల్లంనీళ్లతో ఊరేసి మూతపెట్టారు. బ్లీచింగు ఘాటు పోయేదాకా ఆగి, కుండలన్నీ మోసుకెళ్లి గొట్టాల్లో పోశారు. కాపలాకి సర్పంచే కూర్చుంది, కుర్చీ బావి దగ్గరే వేయించుకుని. నీళ్లు మళ్లీ నల్లబడ్డాయి, తర్వాత తేరుకున్నాయి. దసరాకి రెండు రోజుల ముందు ఆఫీసరు పరీక్షకని సీసాలో నీళ్లు పట్టుకెళ్లాడు, దసరానాడు కాగితం వచ్చింది: తాగొచ్చు! ఇంక చూడు, ఒకరి నెత్తిన ఒకరు చేదలు కుమ్మరించుకోవడమే. నూకరత్నం తలమీంచి కారుతుంటే నాలిక చాపి తాగింది. గవరయ్యనీ తడిపారు, పాపం, బ్లీచింగు లేకుండా.

ఎస్తేరు వెళ్లేముందు నూకరత్నం అడిగిందంట, ఆ పురుగుల్లో మగవేవి, ఆడవేవి అని. మగా ఆడా ఉండవు పెద్దమ్మా, ఒక్కోటీ రెండై పెరిగిపోతాయి, అందంట. అందుకేనర్రా కుర్చీ కోసం కొట్టుకోకుండా పని పూర్తిచేశాయి. నామీద అరవకండి, ఇది నేనన్నది కాదు, నూకరత్నం అన్నది.